షుగర్ నార్మల్, ఎస్‌జీపీటీ ఎక్కువ: తీపి తిండితో లివర్‌లో ఏం జరుగుతుంది?

క్లుప్తంగా: రక్తంలో గ్లూకోజ్ మరీ పెరగకుండా, మరీ పడిపోకుండా చూసే పనిలో సింహభాగం లివర్‌లోని కొన్ని ఎంజైములదే. తీపి ఎక్కువగా తినేవారిలో ఇవి మిగులు చక్కెరను కొవ్వుగా మార్చేస్తాయి. దాంతో కొన్నాళ్లపాటు షుగర్ రిపోర్టు బాగానే ఉంటుంది, లివర్ రిపోర్టు చెడుతుంది. ఆ కొవ్వు పేరుకున్న కొద్దీ లివర్ ఇన్సులిన్ మాట వినడం తగ్గిస్తుంది. ఫాస్టింగ్ షుగర్ పెరగడం అప్పుడు మొదలవుతుంది.

బెంగళూరులో వైట్‌ఫీల్డ్, మారతహళ్లి వైపు ఆఫీసుల్లో పనిచేసే తెలుగువాళ్లలో చాలామందికి ఏడాదికోసారి కంపెనీ తరఫున హెల్త్ చెకప్ ఉంటుంది. మెయిల్‌లో వచ్చిన పీడీఎఫ్ తెరవగానే కళ్లు వెతికేది ఫాస్టింగ్ షుగర్, హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల షుగర్ సగటు). అవి రెండూ హద్దులోనే ఉండి, కింద లివర్ ఎంజైము ఎస్‌జీపీటీ పక్కన ఎర్ర గుర్తు కనిపిస్తే టెన్షన్ మొదలవుతుంది. మందు అలవాటు లేని మనిషికి లివర్ తేడా ఎందుకొచ్చింది? షుగరే లేనప్పుడు స్వీట్లు, కూల్‌డ్రింకులు మానేయమని డాక్టర్ ఎందుకంటున్నారు?

2025లో హైదరాబాద్ విశ్వవిద్యాలయ పరిశోధకుల అధ్యయనం ఒకటి బయటికొచ్చాక ఈ ప్రశ్నలు ఇంకా ఎక్కువయ్యాయి. హైదరాబాద్‌లో పరీక్షించిన 345 మంది ఐటీ ఉద్యోగుల్లో 84 శాతం మందికి ఫ్యాటీ లివర్, అంటే లివర్‌లో కొవ్వు పేరుకునే సమస్య, ఉన్నట్టు అందులో తేలింది. ఇది చిన్న అధ్యయనం. బెంగళూరు ఐటీ ఉద్యోగులందరికీ అదే శాతాన్ని అంటగట్టడం సరికాదు. అయినా దేశం మొత్తం మీద పరిస్థితి తేలిగ్గా తీసుకునేలా లేదు. పలు అధ్యయనాలను కలిపి ఢిల్లీ ఎయిమ్స్ పరిశోధకులు 2022లో వేసిన అంచనా ప్రకారం పెద్దవాళ్లలో సుమారు 38 శాతం మందికి ఫ్యాటీ లివర్ ఉంది. షుగర్ సంగతి చూస్తే, చెన్నైలోని మద్రాస్ డయాబెటిస్ రీసెర్చ్ ఫౌండేషన్ నడిపిన ఐసీఎంఆర్-ఇండియాబ్ సర్వే 2023లో ఇచ్చిన లెక్క: దేశంలో 10.1 కోట్ల మందికి డయాబెటిస్, 13.6 కోట్ల మందికి దాని ముందు దశ అయిన ప్రీడయాబెటిస్. ఈ రెండు జబ్బుల మూలాలూ చాలావరకు లివర్ కణాల్లో ఒకేచోట కలుస్తాయి.

రిపోర్టులో కనిపించేవి ఏ ఎంజైములు?

ముందుగా ఒక చిక్కుముడి విప్పుకోవాలి. లివర్ ఎంజైములు పెరిగాయని ల్యాబ్ రిపోర్టు చెప్పేది ఎస్‌జీపీటీ, ఎస్‌జీఓటీల గురించి. వీటికే ఏఎల్‌టీ, ఏఎస్‌టీ అని ఇంకో పేరు. ఇవి కణాల లోపల ఉండి పని చేసుకోవాల్సినవి. కణం దెబ్బతిన్నప్పుడు రక్తంలోకి కారతాయి, ల్యాబ్ ఆ కారినదాన్ని కొలుస్తుంది. రక్తంలోకి వచ్చిన ఏఎల్‌టీ అక్కడ షుగర్‌ను పెంచదు, తగ్గించదు.

అలాగని ఏఎల్‌టీకి గ్లూకోజ్‌తో అసలు సంబంధమే లేదనీ కాదు. కండరాల నుంచి వచ్చే అలనిన్ అనే అమైనో ఆమ్లాన్ని లివర్ కణంలో పైరువేట్‌గా మార్చేది ఇదే. ఆ పైరువేట్ నుంచి లివర్ కొత్త గ్లూకోజ్ తయారుచేస్తుంది. డయాబెటిస్ ఉన్న ఎలుకల లివర్‌లో ఈ ఎంజైమును అణచివేస్తే రక్తంలో గ్లూకోజ్ తగ్గినట్టు 2021లో ఒక పరిశోధన చూపింది. మనుషుల్లో దాన్ని చికిత్సగా వాడే దశ ఇంకా రాలేదు.

ఎర్ర గుర్తు లేకపోతే అంతా బాగున్నట్టే అనుకోవడమూ పొరపాటే. చాలా ల్యాబులు ఏఎల్‌టీకి లీటరుకు 40 యూనిట్లు, అంతకుపైన కూడా నార్మల్ అని ముద్రిస్తాయి. అమెరికన్ కాలేజ్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ 2017లో సూచించిన గరిష్ఠ హద్దు మగవారికి 29 నుంచి 33, ఆడవారికి 19 నుంచి 25 మాత్రమే. ఫ్యాటీ లివర్ ఉన్నా ఏఎల్‌టీ హద్దు దాటనివాళ్లు చాలామంది ఉంటారు. ఇక దీనికి భిన్నంగా, జిమ్‌లో ముందురోజు భారీ బరువులు ఎత్తి, మర్నాడు రక్తం ఇస్తే కండరాల నుంచి కారిన ఏఎస్‌టీ, ఏఎల్‌టీలు లివర్ ఖాతాలో పడతాయి.

రక్తం మొత్తంలో ఉండేది నాలుగున్నర గ్రాములే

పెద్దవాళ్ల ఒంట్లో రక్తం దాదాపు 5 లీటర్లు. డెసిలీటరుకు 90 మిల్లీగ్రాముల చొప్పున లెక్కేస్తే మొత్తం రక్తంలో ఉండే గ్లూకోజ్ 4.5 గ్రాములు, అంటే టీస్పూన్ చక్కెరంత. మామూలు కూల్‌డ్రింకులో 100 మిల్లీలీటర్లకు 10, 11 గ్రాముల చక్కెర ఉంటుంది. 250 మిల్లీలీటర్ల సీసా తాగితే రక్తంలో ఉన్నదానికి దాదాపు ఆరు రెట్లు కొన్ని నిమిషాల్లో పేగుల్లోకి చేరుతుంది. అయినా ఆరోగ్యంగా ఉన్నవారి షుగర్ ఆరు రెట్లు కాదుగదా, రెట్టింపు కూడా కాదు.

పేగుల నుంచి వచ్చే రక్తం ఒంట్లో మిగతాచోట్లకు వెళ్లేముందు పోర్టల్ సిర ద్వారా లివర్‌కు చేరడం దీనికి మొదటి కారణం. రెండోది అక్కడ కాచుకుని ఉండే గ్లూకోకైనేజ్ అనే ఎంజైము. గ్లూకోజ్‌కు ఒక ఫాస్ఫేట్ తగిలించి కణం దాటి బయటికి పోకుండా పట్టి ఉంచడం దీని పని. మెదడు, కండరాల్లోనూ ఇలాంటి ఎంజైములున్నాయి గానీ అవి అతి తక్కువ గ్లూకోజ్ దగ్గరే పూర్తి వేగం అందుకుంటాయి, తాము తయారుచేసింది పోగవగానే ఆగిపోతాయి. గ్లూకోకైనేజ్ తీరు వేరు. డెసిలీటరుకు 145 మిల్లీగ్రాముల దగ్గరగానీ దాని వేగం సగానికి రాదు. భోజనం తర్వాత గ్లూకోజ్ ఎంత పెరిగితే అంత జోరుగా పనిచేస్తుంది. తయారైన సరుకు పోగైనా ఆగదు. ఆకలి వేళల్లో ఒక నియంత్రణ ప్రొటీన్ దీన్ని కణ కేంద్రకంలో కట్టేసి ఉంచుతుంది, తిన్నాక వదిలిపెడుతుంది. ఇన్సులిన్ దీని తయారీనే పెంచుతుంది.

పట్టుకున్న గ్లూకోజ్‌లో కొంత గ్లైకోజెన్‌గా లివర్‌లో నిల్వ అవుతుంది. ఈ నిల్వకు హద్దుంది, దాదాపు 100 గ్రాములు. రాత్రి భోజనం అరిగాక ఆట తిరగబడుతుంది. గ్లైకోజెన్ కరుగుతుంది, చివర్లో గ్లూకోజ్-6-ఫాస్ఫటేజ్ అనే ఎంజైము ఆ ఫాస్ఫేట్‌ను ఊడదీసి గ్లూకోజ్‌ను రక్తంలోకి వదులుతుంది. కండరాల్లో గ్లైకోజెన్ లివర్‌లో కన్నా ఎక్కువే ఉన్నా ఈ ఎంజైము లేకపోవడంతో అది వాటి సొంత వాడకానికే పరిమితం. పుట్టుకతో లివర్‌లో ఇది లేని పిల్లలకు కొద్ది గంటలు పాలు పట్టకపోతే షుగర్ ప్రమాదకరంగా పడిపోతుంది. ఆ జబ్బుకు కారణం ఈ ఒక్క ఎంజైము లోపమేనని 1952లో చూపినవారు కార్ల్ కోరి, గెర్టీ కోరి దంపతులు. గ్లైకోజెన్ మీద చేసిన పనికి అంతకుముందే 1947లో వాళ్లు నోబెల్ అందుకున్నారు.

70 కిలోల మనిషి నిద్రలో ఉండగా లివర్ గంటకు సుమారు 8 గ్రాముల గ్లూకోజ్‌ను వదులుతూ ఉంటుంది. రాత్రి ఏమీ తినకపోయినా పొద్దున ఫాస్టింగ్ 115 ఎందుకొచ్చిందనే ప్రశ్నకు జవాబు ఇక్కడుంది. ఫాస్టింగ్ రీడింగ్ చాలావరకు రాత్రి లివర్ తయారుచేసిన అంకె. తిన్న తర్వాతి రీడింగ్‌లో తిండి, ఇన్సులిన్, కండరాలు అన్నిటి వాటా ఉంటుంది.

అన్నం దారి ఒకటి, చక్కెర దారి ఇంకొకటి

అన్నం, ఇడ్లీ, రాగి ముద్ద అరిగితే వచ్చేది గ్లూకోజే. చక్కెర అలా కాదు. పేగు గోడ మీదున్న సుక్రేజ్ అనే ఎంజైము దాన్ని సరిసగం గ్లూకోజ్, సగం ఫ్రక్టోజ్‌గా విడగొడుతుంది. బెల్లంలోనూ ప్రధానంగా ఉండేది అదే సుక్రోజ్, తేనెలో ఈ రెండూ ముందే విడివిడిగా ఉంటాయి. బొబ్బట్టులో చక్కెర బదులు బెల్లం వేస్తే కొద్దిపాటి ఖనిజాలు అదనంగా వస్తాయేమో గానీ, లివర్ ఎంజైములకు ఆ తేడా పెద్దగా తెలియదు.

ఫ్రక్టోజ్ కొద్దిగా వస్తే చిన్న పేగే చాలావరకు చక్కబెడుతుందని, ఎక్కువ మోతాదు ఒక్కసారిగా వస్తే లివర్ మీదికి పొర్లుతుందని 2018లో ఎలుకల మీద చేసిన పరిశోధన చూపింది. లివర్‌లో దాన్ని అందుకునేది ఫ్రక్టోకైనేజ్. ఇది చాలా వేగంగా పనిచేస్తుంది, చాలు అని చెప్పే అడ్డు దీనికి లేదు. కణంలోని శక్తి నిల్వ అయిన ఏటీపీని అది గబగబా ఖర్చు చేసేస్తుంది, ఆ క్రమంలో యూరిక్ ఆమ్లం పుడుతుంది. కూల్‌డ్రింకులు బాగా తాగేవారిలో యూరిక్ యాసిడ్ ఎక్కువగా కనిపించడానికి ఇదొక కారణం. ఆ తర్వాత ఆల్డోలేజ్-బి ఫ్రక్టోజ్‌ను రెండుగా తుంచుతుంది. గ్లూకోజ్ కరిగే దారిలో పోగును బట్టి వేగం తగ్గించే ఫాస్ఫోఫ్రక్టోకైనేజ్ అనే చెక్‌పోస్టు ఉంటుంది. ఫ్రక్టోజ్ ముక్కలు ఆ చెక్‌పోస్టు దాటాక అవతల రోడ్డెక్కుతాయి.

ఆ ముక్కల్లో కొన్ని గ్లూకోజ్‌గా మారతాయి, కొన్ని గ్లైకోజెన్ అవుతాయి, మిగిలినవి కొవ్వు తయారీకి ముడిసరుకు. అదీగాక, చక్కెర రాక పెరిగిందని పసిగట్టే సీహెచ్‌ఆర్‌ఈబీపీ అనే ప్రొటీన్ మేల్కొని కొవ్వు తయారుచేసే ఎంజైముల ఉత్పత్తిని పెంచుతుంది. ఈ ప్రొటీనే గ్లూకోజ్-6-ఫాస్ఫటేజ్‌నూ పెంచుతుందని, ఇన్సులిన్ ఉన్నా ఆ పెరుగుదల ఆగలేదని 2016లో ఎలుకల్లో గమనించారు. అంటే తీపి తిండి కొవ్వు తయారీ మీట నొక్కడంతోపాటు గ్లూకోజ్‌ను బయటికి వదిలే గేటునూ కాస్త తెరిచి పెడుతుందన్నమాట.

ఫ్రక్టోకైనేజ్ పాత్ర ఎంతో చెప్పడానికి ప్రకృతే రెండు ఉదాహరణలు ఇచ్చింది. పుట్టుకతో ఈ ఎంజైము లేనివాళ్లలో ఫ్రక్టోజ్ కొంత మూత్రంలో పోతుంది, అంతకుమించి ఇబ్బంది ఉండదు. తర్వాతి మెట్టు ఆల్డోలేజ్-బి లేనివాళ్ల పరిస్థితి పూర్తిగా వేరు. ఫ్రక్టోకైనేజ్ పని చేసుకుంటూ పోతుంది, సరుకు ముందుకు కదలదు, కణంలో ఫాస్ఫేట్ అంతా అందులోనే ఇరుక్కుంటుంది. తీపి తింటే వాంతులు, షుగర్ పడిపోవడం, లివర్ దెబ్బతినడం వరకు వెళ్తుంది. హాని ఫ్రక్టోజ్ రక్తంలో ఉండటం వల్ల కాదు, లివర్ దాన్ని వేగంగా పట్టేయడం వల్ల.

బెంగళూరు టెకీల్లో ఈమధ్య చేతికి సెన్సర్ ప్యాచ్ అతికించుకుని ఫోన్‌లో గ్రాఫ్ చూసుకునే అలవాటు పెరిగింది. ఆ సెన్సర్ అయినా, వేలి మీద గుచ్చే గ్లూకోమీటర్ అయినా కొలిచేది గ్లూకోజ్‌నే. ఫ్రక్టోజ్ వాటికి కనబడదు. ఒక ప్లేటు ఇడ్లీకి గ్రాఫ్ ఎక్కువ లేచి, ఒక గ్లాసు తీపి జ్యూస్‌కు తక్కువ లేస్తే జ్యూసే మేలనుకునేవాళ్లున్నారు. ఆ తీర్పు సగం సమాచారం మీద ఇచ్చినది.

మంచి రీడింగ్‌కు లివర్ కట్టే మూల్యం

గ్లూకోకైనేజ్‌ను కట్టేసి ఉంచే నియంత్రణ ప్రొటీన్ గురించి పైన చెప్పుకున్నాం. దాని జన్యువులో చాలామందికి ఒక మార్పు ఉంటుంది. ఆ మార్పు ఉన్నవాళ్లలో కట్టు వదులవుతుంది, గ్లూకోకైనేజ్ ఎక్కువసేపు పనిలో ఉంటుంది. ఫాస్టింగ్ గ్లూకోజ్ సగటున కొంచెం తక్కువగా ఉంటుంది. ఇంతవరకు శుభవార్తే. కానీ వాళ్లలోనే ట్రైగ్లిజరైడ్లు అనే రక్తంలోని కొవ్వులు ఎక్కువ, లివర్‌లో కొవ్వూ ఎక్కువ. రక్తం నుంచి లాగిన గ్లూకోజ్ ఆవిరైపోదు కదా.

మందుల తయారీలోనూ ఇదే ఎదురైంది. గ్లూకోకైనేజ్‌ను ఉత్తేజపరిస్తే షుగర్ తగ్గుతుందన్న ఆలోచనతో చాలా కంపెనీలు మాత్రలు చేశాయి. మొదటి తరం మందులు షుగర్‌ను తగ్గించాయి గానీ కొన్ని నెలలకు ఆ ప్రభావం సన్నగిల్లింది, కొన్నింటితో ట్రైగ్లిజరైడ్లు పెరిగాయి. వాటిని పక్కన పెట్టేశారు. ఈ రకంలో డోర్జాగ్లియాటిన్ అనే మందుకు 2022లో చైనా అనుమతి ఇచ్చింది.

విచిత్రంగా అనిపించే విషయం ఇంకొకటి: ఫ్రక్టోజ్ నుంచి తయారయ్యే తొలి పదార్థం కూడా గ్లూకోకైనేజ్ కట్టు విప్పుతుంది. అందుకే భోజనంతోపాటు కొద్దిపాటి ఫ్రక్టోజ్, ఒక చిన్న పండులో ఉండేంత, తీసుకుంటే కొన్ని ప్రయోగాల్లో షుగర్ కాస్త తక్కువే పెరిగింది. చక్కెర విషయంలో మోతాదు చెప్పకుండా మంచి చెడు చెప్పే మాటలన్నీ అనుమానించదగ్గవే.

మోతాదు దాటి, నెలల తరబడి సాగితే కథ తిరగబడుతుంది. లివర్ కణాల్లో కొవ్వు పేరుకునేటప్పుడు డైఅసిల్‌గ్లిసరాల్ అనే మధ్యస్థ పదార్థం పోగవుతుంది. అది ఇన్సులిన్ సంకేతాన్ని మొదటి మెట్టులోనే బలహీనపరుస్తుందన్నది ప్రధానంగా ఆమోదం ఉన్న వివరణ. మామూలుగా ఇన్సులిన్ రాగానే కొత్త గ్లూకోజ్ తయారీ ఆగాలి, ఆ పని చేసే ఎంజైములు తగ్గాలి. సంకేతం బలహీనపడితే అవి తగ్గవు. భోజనం చేసి రక్తంలో గ్లూకోజ్ నిండుగా ఉన్నప్పుడు కూడా లివర్ తన వంతు కలుపుతూనే ఉంటుంది. ఇన్సులిన్ చెప్పే రెండో మాట, కొవ్వు తయారుచెయ్ అనేది మాత్రం లివర్‌కు వినిపిస్తూనే ఉంటుంది. గ్లూకోజ్ ఆపమంటే ఆపదు, కొవ్వు చేయమంటే చేస్తుంది. ఈ దశలో క్లోమం అదనంగా ఇన్సులిన్ పంపి పరిస్థితిని నెట్టుకొస్తుంది, అందువల్ల హెచ్‌బీఏ1సీ ఇంకొన్నేళ్లు 5.6 లోపే ఉండవచ్చు. ఆ అదనపు ఇన్సులిన్ కొవ్వు తయారీని మరింత ఎగదోస్తుంది. షుగర్ నార్మల్, ఎస్‌జీపీటీ ఎక్కువ అనే రిపోర్టు తరచుగా ఈ మధ్య కాలానిదే.

మనుషుల మీద ప్రయోగాలు ఏం చూపాయి?

స్విట్జర్లాండ్‌లోని జూరిక్‌లో 94 మంది ఆరోగ్యవంతులైన యువకులతో చేసిన ప్రయోగం 2021లో వెలువడింది. ఏడు వారాలపాటు కొందరు రోజూ 80 గ్రాముల చక్కెర ఉన్న పానీయం తాగారు, కొందరు ఫ్రక్టోజ్, కొందరు గ్లూకోజ్, మిగిలినవాళ్లు ఏదీ లేకుండా ఉన్నారు. ఫ్రక్టోజ్, చక్కెర తాగినవాళ్ల లివర్‌లో కొవ్వు తయారీ దాదాపు రెట్టింపైంది. గ్లూకోజ్ తాగినవాళ్లలో అలా జరగలేదు. 80 గ్రాములంటే రోజుకు సుమారు 800 మిల్లీలీటర్ల కూల్‌డ్రింకు, అసాధ్యమైన మోతాదేమీ కాదు.

తగ్గిస్తే ఏమవుతుంది? కాలిఫోర్నియాలో ఊబకాయం ఉన్న 41 మంది పిల్లలకు తొమ్మిది రోజులు తీపి పదార్థాల స్థానంలో అవే కేలరీలున్న పిండి పదార్థాలు ఇచ్చారు. బరువు పెద్దగా మారకుండానే లివర్ కొవ్వు 7.2 శాతం నుంచి 3.8 శాతానికి దిగింది. ఇది 2017 నాటి ఫలితం. 2019లో వచ్చిన మరో ప్రయోగంలో ఫ్యాటీ లివర్ ఉన్న 40 మంది కుర్రవాళ్లలో కొందరికి ఎనిమిది వారాలు తీపి దాదాపు ఆపేశారు. వాళ్ల లివర్ కొవ్వు 25 శాతం నుంచి 17 శాతానికి తగ్గింది, ఏఎల్‌టీ కూడా బాగా దిగింది.

వీటికి ఎదురు వాదన కూడా బలమైనదే. మొత్తం కేలరీలు పెరగకుండా, పిండి పదార్థాల బదులు ఫ్రక్టోజ్ ఇచ్చిన ప్రయోగాలను కలిపి చూస్తే లివర్ కొవ్వులో పెద్ద తేడా కనిపించలేదు. మామూలు తిండికి అదనంగా ఫ్రక్టోజ్ కలిపినప్పుడే స్పష్టంగా పెరిగింది. నేరం ఫ్రక్టోజ్‌దా, కేలరీలదా అన్న వాదన పరిశోధకుల మధ్య ఇంకా నడుస్తోంది. ఆచరణలో దీనివల్ల తేడా తక్కువ, ఎందుకంటే తీపి పానీయాలు తాగేవాళ్లెవరూ ఆ మేరకు అన్నం తగ్గించుకుని తాగరు.

బెంగళూరు రోజులో చక్కెర ఎక్కడ దాగుంది?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఇచ్చిన సలహా: విడిగా కలిపే చక్కెర, తేనె, జ్యూసుల్లోని చక్కెర అన్నీ కలిపి మొత్తం కేలరీల్లో 10 శాతం దాటకూడదు, 5 శాతం లోపు ఉంటే ఇంకా మంచిది. 2000 కేలరీల తిండికి ఇవి 50 గ్రాములు, 25 గ్రాములు. దర్శినిలో (నిలబడి తినే చిన్న హోటల్లో) చక్కెర వద్దని ముందే చెప్పకపోతే ఫిల్టర్ కాఫీ తీపిగానే వస్తుంది. కప్పుకు రెండు టీస్పూన్ల లెక్కన నాలుగు కాఫీలకే 32 గ్రాములు దాటిపోతాయి. మధ్యాహ్నం ఆంధ్రా మెస్‌లో భోజనం తర్వాత ఒక స్వీటు, సాయంత్రం రోడ్డు పక్కన గ్లాసు చెరకు రసం కలిస్తే మొత్తం జూరిక్ ప్రయోగం మోతాదుకు చేరువవుతుంది. ఇంట్లో స్వీట్లే తినం అనేవారి విషయంలో కూడా ఈ లెక్క తరచూ నిజమవుతుంది, తాగే చక్కెర ఎవరి లెక్కలోకీ రాదు కాబట్టి.

పండు తినడానికీ జ్యూస్ తాగడానికీ తేడా ఎక్కువగా వేగంలో, మోతాదులో ఉంది. ఒక కమలాపండు నమిలి తింటే అందులోని ఫ్రక్టోజ్ పీచుతోపాటు నెమ్మదిగా వస్తుంది, పేగు చాలావరకు సర్దుకుంటుంది. నాలుగు పండ్ల రసం రెండు నిమిషాల్లో తాగితే ఆ అవకాశం ఉండదు.

చక్కెర మానేశాం కదా అని అన్నం రెండు రెట్లు పెట్టుకుంటే లివర్ ఊరుకోదు. గ్లైకోజెన్ గోడౌన్ నిండాక మిగులు గ్లూకోజ్ కూడా కొవ్వు దారే పడుతుంది, కాకపోతే ఫ్రక్టోజ్ అంత సులువుగా కాదు. ఐసీఎంఆర్-ఇండియాబ్ ఆహార విశ్లేషణ ప్రకారం భారతీయుల కేలరీల్లో సుమారు 62 శాతం పిండి పదార్థాల నుంచే వస్తున్నాయి.

మందులు, మళ్లీ పరీక్షలు

షుగర్‌కు ఎక్కువమందికి మొదట రాసే మెట్‌ఫార్మిన్ ప్రధానంగా లివర్‌లో కొత్త గ్లూకోజ్ తయారీని తగ్గిస్తుంది. ఫాస్టింగ్ దిగుతుంది. పేరుకున్న కొవ్వు మీద దాని ప్రభావం మాత్రం స్వల్పం. కొవ్వు విషయంలో ఇప్పటికీ బలమైన ఆధారం ఉన్నది బరువు తగ్గడానికే: శరీర బరువులో 5 శాతం తగ్గితే లివర్ కొవ్వు తగ్గుతుంది, 7 నుంచి 10 శాతం తగ్గితే లివర్ వాపు కూడా మెరుగుపడుతుంది. కేంద్రం 2021 ఫిబ్రవరిలోనే ఫ్యాటీ లివర్‌ను షుగర్, గుండెజబ్బుల జాతీయ కార్యక్రమంలో చేర్చింది.

తీపి తగ్గించాక రిపోర్టులో అన్నీ ఒకేసారి మారవు. లివర్ కొవ్వు రోజుల్లోనే కదలడం మొదలుపెట్టవచ్చు, ఏఎల్‌టీకి వారాలు పడుతుంది. హెచ్‌బీఏ1సీ గత రెండు మూడు నెలల సగటు కాబట్టి మూడు నెలల లోపు మళ్లీ చేయించి లాభం లేదు. ఏఎల్‌టీ పెరిగి ఉంటే హెపటైటిస్ బి, సి, వాడుతున్న మందులు, మద్యం వంటి కారణాలను డాక్టర్లు ముందు తోసిపుచ్చాలి. లివర్ గట్టిపడిందేమో తెలుసుకోవడానికి వయసు, ఏఎస్‌టీ, ఏఎల్‌టీ, ప్లేట్‌లెట్లతో ఫిబ్-4 అనే స్కోరు లెక్కిస్తారు, 1.3 లోపుంటే సాధారణంగా ప్రమాదం తక్కువ. ఈ స్కోరు 35 ఏళ్ల లోపువారిలో అంత నమ్మదగింది కాదు. ఐటీ ఆఫీసుల చెకప్‌లలో రిపోర్టు అందుకునేవాళ్లలో చాలామంది ఆ వయసువాళ్లే గనుక, అనుమానం ఉన్నచోట డాక్టర్లు లివర్ ఎంత గట్టిపడిందో కొలిచే ఫైబ్రోస్కాన్ రాస్తారు.